శరణు నోటెంట రాకపోతే ఆగిపోండి స్వామీ

కార్తీకం వచ్చిందంటే మా తణుకులో వీధికొక అయ్యప్ప పీఠం వెలుస్తుంది. ఆ రోజుల్లో నేను అందరికంటే ఎక్కువగా వినే మాట "అంతా స్వామే చూసుకుంటాడు". ఆ మాట నేనూ నమ్ముతాను. నమ్మకపోతే మాలే వేసుకోను. కానీ ఆ మాట ఎక్కడెక్కడ వాడుతున్నామో చూస్తుంటే కొన్నేళ్ళుగా నాకు దిగులుగా ఉంది. షుగర్ మాత్రలు దీక్ష అయ్యేదాకా ఆపేస్తానన్న మనిషికి అదే మాట చెప్తున్నాం. రెండు రాత్రులుగా నిద్రలేని డ్రైవరు చేతిలో వ్యాను పెట్టి, పద్నాలుగు మంది వెనక సీట్లలో పడుకుని అదే మాట అనుకుంటున్నాం. గుండెకి స్టెంట్ వేయించుకుని ఏడాది తిరక్కుండానే కొండెక్కుతానన్న పెద్దాయనకీ అదే చెప్పి భుజం తడుతున్నాం.

చెప్పేవాళ్ళు దీన్ని భక్తి అనుకుంటారు. నా ఉద్దేశంలో ఇది మన యాత్రా సంప్రదాయానికే విరుద్ధం. శబరిమల యాత్రని మన పెద్దలు ఏర్పాటు చేసిన తీరు చూడండి. మొదటి రోజు నుంచి ఆఖరి రోజు దాకా, ఆ దారి తెలిసిన ఒక మనిషి మాట వింటూ నడవడమే అందులో సగం సాధన. దేవుణ్ణి నమ్మిన వాడికి మనిషి సలహా అక్కర్లేదు అనే ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో కానీ, అయ్యప్ప దీక్షలోంచి మాత్రం రాలేదు.

మాల ఎవరికి వారు కొనుక్కుని మెడలో వేసుకోవడం మన పద్ధతి కాదు. ఏళ్ళుగా కొండకి వెళ్ళొస్తూ బృందాన్ని నడిపించే గురుస్వామి వేస్తారు. ఆయన అందుబాటులో లేకపోతే గుడిలో పూజారి చేతనో, కన్నతల్లి చేతనో వేయించుకుంటారు. అంటే తొలి అడుగే ఇంకొకరి చేతుల మీదుగా పడాలి. స్వామి కథలో కూడా అంతే. పందళరాజు ఇంట పెరిగిన మణికంఠుడు మహిషిని సంహరించడానికి పుట్టినవాడు, సాక్షాత్తూ హరిహరసుతుడు. ఆయనకి ఒకరు నేర్పవలసింది ఏముంది? అయినా గురుకులానికి వెళ్ళాడు, చదువుకున్నాడు, చూపూ మాటా లేని గురుపుత్రుడికి వాటిని ప్రసాదించి గురుదక్షిణ చెల్లించాడు. ఈ కథ ప్రతి పడిపూజలోనూ చెప్పుకుంటాం. చెప్పుకుని, మర్నాడు డాక్టరు మాట పక్కన పెడతాం.

ఇరుముడి కట్టడం దగ్గరుండి చూసిన వాళ్ళకి ఇంకా బాగా తెలుస్తుంది. ముందురోజే కొబ్బరికాయల పీచంతా గీకి, చేత్తో తడిమితే గరుకు తగలనంత నున్నగా చేసి పెడతారు. కన్ను పొడిచి లోపలి నీళ్ళు చుక్క లేకుండా వంచేస్తారు. శరణుఘోష మధ్య ఆ కాయలో ఆవునెయ్యి పోయించి, బిరడా బిగించి, ముద్రకాయ తయారుచేసి ముందు ముడిలో పెడతారు. ఆ ముడి పూర్తిగా స్వామిది. వెనక ముడి మాత్రం యాత్రికుడిది. అడవి దారిలో తను వండుకు తినాల్సిన బియ్యం, బెల్లం, పప్పు లాంటి సంభారాలు పూర్వం అందులో పెట్టుకునేవారు. రెండూ ఒకే గుడ్డ మూటలో, ఒకే తల మీద. ఆ ఇరుముడి లేనిదే పద్దెనిమిది మెట్లు ఎక్కనివ్వరు. నెయ్యి ముందు ముడిలో ఉంది కాబట్టి తిండి సంగతి స్వామే చూసుకుంటాడని వెనక ముడి ఖాళీగా కట్టిన గురుస్వామి గురించి నేనెక్కడా వినలేదు.

మా గురుస్వామి ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. పద్దెనిమిదోసారి యాత్రలో సన్నిధానంలో, అంటే కొండ మీద గుడి దగ్గర, ఆనవాయితీగా కొబ్బరిమొక్క నాటి చాలాకాలమే అయింది. పెద్ద చదువులేమీ చదవలేదు, ఉపన్యాసాలు ఇవ్వరు. పీఠం దగ్గర కూడా తక్కువే మాట్లాడతారు. కానీ కొండ కింద పంబానది దాటి, నీలిమల అనే నిట్టనిలువు ఎక్కుడు మొదలుపెట్టేసరికి ఆయనే వేరు. ఎవరు ఎలా నడుస్తున్నారో, ఎవరి ముఖం పాలిపోతోందో, ఎవరు నవ్వుతూనే ఛాతీ రుద్దుకుంటున్నారో ఆయన కళ్ళు వెతుకుతూనే ఉంటాయి.

కొండెక్కేటప్పుడు ఆయన పెట్టే నియమం ఒక్కటే. ప్రతి కొద్ది అడుగులకీ "స్వామియే" అని ఆయన అంటారు, "శరణమయ్యప్ప" అని మనం గొంతెత్తి పలకాలి. పలకలేకపోతే ఆగిపోవాలి. "శరణు నోటెంట రావట్లేదంటే మీరు మీ ఒంటికి మించి నడుస్తున్నారు స్వామీ. పక్కకి జరిగి నిలబడండి, ఊపిరి కుదుటపడ్డాక రండి." ఆ మాటకి ఎదురు చెప్పడానికి లేదు. మొదట్లో దీన్ని నేను కేవలం భక్తి నియమం అనుకున్నాను. తర్వాత మా ఊరి గుండె డాక్టరు ఒకాయనతో మాటల్లో ఈ సంగతి చెప్తే ఆయన ఆశ్చర్యపోయారు. వ్యాయామం చేసేటప్పుడు పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నామా లేదా అన్నది శ్రమ ఎంత ఉందో తెలుసుకోవడానికి వాళ్ళు వాడే పరీక్షేనట. మాట తెగిపోతోందంటే గుండె మీద బరువు ఎక్కువైనట్టు. మా గురుస్వామికి ఇది పుస్తకంలోంచి రాలేదు. ఆయన గురుస్వామి ఆయనకి చెప్పారు. ఏ తరంలో ఎవరు ఎంతమందిని కొండెక్కించి, ఎన్ని కష్టాలు చూసి ఈ నియమం పెట్టారో. శరణుఘోష దేవుణ్ణి పిలవడమూ అయింది, మనిషి ప్రాణానికి కాపలా కూడా అయింది. నాకు ఇందులో ఏది దైవం, ఏది అనుభవం అని విడదీయడం చేతకాదు, అవసరమనీ అనిపించదు.

అడవి గుండా వెళ్ళే పాత దారి పెద్దపాదంలో అయితే ఈ అనుభవం విలువ ఇంకా తెలుస్తుంది. ఎరుమేలిలో ఒంటికి రంగులు పూసుకుని పేటతుళ్ళి ఆడి, అక్కడి మసీదులో అయ్యప్ప స్నేహితుడు వావరు స్వామిని దర్శించుకుని, కాళైకట్టి మీదుగా అళుదా నది చేరి, కళిడుం కుండ్రు ఎక్కి, కరిమల దాటి పంబకి దిగాలి. మొత్తం నలభై అయిదు కిలోమీటర్లకి పైనే, అదీ చెప్పులు లేకుండా. పెరియార్ టైగర్ రిజర్వు అడవి అది. ఏనుగులు తిరుగుతాయి కాబట్టి చీకటి పడ్డాక నడవనివ్వరు. కరిమల ఎక్కడం కష్టం అని అందరూ చెప్తారు. దిగడం ఇంకా కష్టం అని నడిచి వచ్చినవాడే చెప్తాడు. వాన పడితే వేర్ల మీద పాదం జారుతుంది, మోకాళ్ళు వణుకుతాయి, పైగా తల మీద ఇరుముడి. అళుదాలో మునిగి తీసిన రాయిని కళిడుం కుండ్రు దగ్గర వదలాలన్న సంగతి ఎవరైనా చెప్పగలరు. ఏ మలుపు దగ్గర నీళ్ళు నింపుకోవాలో, ఎక్కడ కూర్చుంటే మళ్ళీ లేవలేమో చెప్పడానికి మాత్రం ఆ దారిలో అరికాళ్ళు అరిగినవాడు కావాలి.

రాత్రి మజిలీలో మా గురుస్వామి చేసే పని ఇంకొకటి ఉంది. టార్చి పట్టుకుని వయసు మళ్ళిన స్వాముల పాదాలు చూస్తారు. ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళవి. కాలి వేళ్ళ సందులు విడదీసి, మడమ తిప్పి చూస్తారు. ఆయన తమ కాళ్ళు పట్టుకోవడమేమిటని కొందరు ఇబ్బంది పడి కాళ్ళు వెనక్కి లాక్కుంటారు. "మీకు తెలియదు స్వామీ, గుచ్చుకున్నా మీకు నొప్పి తెలియదు" అంటారాయన. అది నిజం. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. ముల్లు దిగినా, బొబ్బ పగిలినా తెలియకుండానే నడుస్తారు. ఇంటికొచ్చాక అది పుండై, మానక, వేలు తీసేయాల్సిన దాకా వెళ్తుంది. టార్చి వెలుగులో ఆయన తీసే చిన్న ముల్లు, తీయకపోతే అంత పని చేస్తుంది.

షుగర్ మాట వచ్చింది కాబట్టి మా బావగారి సంగతి చెప్పాలి. మొదటిసారి మాల వేసుకోవాలనుకున్నారు. ముందే మాత్రలు ఆపేయాలని నిశ్చయించుకుని వచ్చారు. దీక్షలో మందులేమిటి, స్వామి మీద నమ్మకం లేనట్టు కాదా అని ఆయన వాదన. గురుస్వామి మాల వేయలేదు. "మీ డాక్టరుగారిని అడిగి రండి స్వామీ. ఆయన సరేనంటే వేస్తాను." బావగారికి కోపం వచ్చింది. దేవుడి మాలకి డాక్టరు పర్మిషనా అన్నారు. అయినా వెళ్ళారు.

వెళ్ళడం మంచిదైంది. ఎందుకంటే ప్రమాదం ఆయన అనుకుంటున్న వైపు ఒక్కటే లేదు. మాత్రలు ఆపేస్తే షుగర్ పెరుగుతుందని అందరికీ తెలుసు. కానీ మాత్రలు మానకుండా, మామూలు డోసే వేసుకుంటూ ఒంటిపూట భోజనం చేస్తే? ఆయన వాడే గ్లిమిపిరైడ్ లాంటి మందు తిన్నా తినకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. కడుపు ఖాళీగా ఉంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పట్టడం, చేతులు వణకడం, కళ్ళు తిరగడం, మాట తడబడటం. కొండ మీద ఇలా అయితే పక్కవాళ్ళు ఎక్కిన అలసట అనుకుంటారు. డాక్టరు డోసు తగ్గించి, వేళ మార్చి, పొద్దున అల్పాహారం తప్పనిసరి చేశారు. జేబులో గ్లూకోజు పెట్టుకోమన్నారు. గురుస్వామి ఆ కాగితం చదువుకుని, నియమాలు దానికి తగ్గట్టు సర్ది, అప్పుడు మాల వేశారు. మందులు ఇరుముడిలో కాదు, భుజానికి వేసుకునే జోలెలో పెట్టించారు. తల మీద ముడి దారి మధ్యలో విప్పరు కదా.

అప్పటికీ బావగారు సందేహంగానే, మాత్ర వేసుకుంటే దీక్షకి భంగం కాదా అని అడిగారు. గురుస్వామి చెప్పిన జవాబు నాకు బాగా గుర్తు. "మాత్ర మానేసి అప్పాచిమేడు ఎక్కుడు దగ్గర మీరు పడిపోతే, మిమ్మల్ని మోసుకుని కిందికి దిగే నలుగురి దర్శనం ఏమవుతుంది స్వామీ?"

మందు వేసుకుంటే నమ్మకం తగ్గినట్టు అనే ఆలోచనలో నాకు కనిపించేది భక్తి కాదు. నా భక్తి ఎంత గట్టిదో పదిమందికీ తెలియాలన్న తపన అది. దీక్ష ఆ తపననే వదిలించుకోమంటుంది. కలెక్టరైనా కూలీ అయినా ఒకే నల్లబట్ట, ఒకే చాప, ఒకే పిలుపు. పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి కూడా స్వామీ అనే పిలుస్తాం. సన్నిధానంలో ఎదురుగా "తత్త్వమసి" అని రాసి ఉంటుంది. ఎదుటి మనిషిలో స్వామి ఉన్నాడని నలభై ఒక్క రోజులు నోటితో అంటూ, ఆ మనిషి "వద్దు, ఆగు" అంటే మాత్రం వినిపించుకోకపోవడం ఎలా కుదురుతుంది? దైవం మానుష రూపేణ అని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కష్టంలో సాయం వచ్చాక ఆ మాట అనుకుంటాం. కష్టం రాకముందు హెచ్చరించే మనిషి దగ్గర కూడా అదే మాట గుర్తు రావాలి.

పూర్వం మా తాతలు ఏ డాక్టర్నీ అడక్కుండానే వెళ్ళొచ్చారు కదా అని కొందరంటారు. వాళ్ళు మనకంటే మనుషుల మీద ఎక్కువ ఆధారపడ్డారు. ఒంటరిగా అడవిలో కాలు పెట్టేవాళ్ళు కాదు. ఊరికి ఒకరో ఇద్దరో ఉండే గురుస్వామి కట్టుబాటు దాటేవాళ్ళు కాదు. ఆయన నడవమంటే నడిచి, ఆగమంటే ఆగేవాళ్ళు. పైగా పొలం పని చేసిన ఒళ్ళు వాళ్ళవి. కంప్యూటర్ ముందు పదేళ్ళు కూర్చుని ఒక్కసారిగా నీలిమల ఎక్కేవాళ్ళకి వాళ్ళతో పోలికేమిటి?

ఇక్కడే గురుస్వాముల గురించి కూడా చెప్పాలి, వాళ్ళంటే నాకెంత గౌరవమున్నా సరే. అనుభవం ఏ విషయంలో ఉందో ఆ విషయంలోనే మాట చెల్లుతుంది. దారికి గురువైనంత మాత్రాన రక్తపోటుకి గురువు కాలేరు. "బీపీ బిళ్ళ మానెయ్యి స్వామీ, నేను పద్దెనిమిదిసార్లు వెళ్ళాను, నాకేం కాలేదు" అని చెప్పే గురుస్వామిని నేను చూశాను. ఆయనకేమీ కాకపోవడం ఆయన శరీరం సంగతి. కేరళ ఆరోగ్య శాఖ ప్రతి సీజన్‌లో చెప్పేది వేరు. క్రమం తప్పకుండా వాడే మందులు వ్రతం కోసం ఆపొద్దు, వైద్యం కాగితాలు వెంట తెచ్చుకోండి, యాత్రకి కొన్ని రోజుల ముందు నుంచే రోజూ నడక అలవాటు చేసుకోండి, కొండ నెమ్మదిగా ఎక్కండి, మధ్యమధ్య ఆగండి. పంబ నుంచి సన్నిధానం దాకా దాదాపు అయిదు కిలోమీటర్ల దారిలో అత్యవసర వైద్య కేంద్రాలు పెట్టారు. నీలిమల, అప్పాచిమేడు దగ్గర గుండె జబ్బుల చికిత్సకి ప్రత్యేకంగా ఏర్పాట్లు ఉన్నాయి. అవి సరిగ్గా అక్కడే ఎందుకున్నాయో ఆలోచించండి. ఆ నిట్టనిలువు ఎక్కుడులోనే గుండెలు ఆగాయి కాబట్టి. అంత ఎక్కలేనివాళ్ళకి స్వామి అయ్యప్పన్ రోడ్డు ఉంది, కాస్త చుట్టైనా వాలు తక్కువ. అదీ కాదంటే డోలీలున్నాయి. డోలీ ఎక్కడం నామోషీ అనుకునే పెద్దవాళ్ళకి గురుస్వామే నచ్చజెప్పాలి. కొడుకు చెప్తే వినరు.

అనుభవం పాతబడిపోతుంది కూడా. 2018 ఆగస్టు వరదలు పంబ త్రివేణి రూపురేఖలే మార్చేశాయి. కట్టడాలు కొట్టుకుపోయాయి, ఇసుక మేటలు వేసింది. ఆ సీజన్ నుంచి నిలక్కల్‌ని బేస్ క్యాంపుగా చేసి, అక్కడి నుంచి బస్సుల్లో పంబకి పంపడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వర్చువల్ క్యూ బుకింగ్ లేకుండా బయల్దేరితే అసలుకే ఇబ్బంది అనే రోజులు వచ్చాయి. పాత రోజుల్లో పంబలో వ్యాను ఎక్కడ ఆపేవాళ్ళో మాత్రమే గుర్తున్న గురుస్వామి ఇప్పుడు మొదటిసారి వెళ్ళే కన్నెస్వామికి ఏం దారి చూపిస్తారు? 2025 సీజన్‌కి ముందు, పంబలో స్నానం చేసేటప్పుడు ముక్కులోకి నీళ్ళు పోకుండా జాగ్రత్త పడమని అధికారులు హెచ్చరించారు, మెదడుకి సోకే అమీబా గురించి. మునక వేయడం మన ఆచారమే. ముక్కు మూసుకుని మునగడానికి ఏ శాస్త్రం అడ్డొచ్చింది? మా గురుస్వామి ఈ కబురు వినగానే ఫోన్లో అందరికీ చెప్పారు. ఇన్నేళ్ళు మునిగాం, ఏమైందని అనలేదు. ఆయన దగ్గర నాకు అన్నిటికంటే నచ్చేది అదే, కొత్తది చెప్తే వింటారు.

జనం మధ్య భక్తుడికి మార్గదర్శి ఎంత అవసరమో రెండు తేదీలు చెప్తాయి. రెండూ మకరజ్యోతి రోజులే. 1999 జనవరి 14న పంబ దగ్గర తొక్కిసలాటలో యాభై మందికి పైగా చనిపోయారు. 2011 జనవరి 14 సాయంత్రం పుల్‌మేడు దగ్గర జ్యోతి చూసి తిరిగి వస్తున్న జనంలో తొక్కిసలాట జరిగి వందమందికి పైగా పోయారు. తమిళనాడు, కర్ణాటక వాళ్ళతో పాటు మన ఆంధ్ర స్వాములూ వాళ్ళలో ఉన్నారు. చీకటి, అడవి దారి, అందరికీ ఒకేసారి ఇంటికి చేరాలన్న తొందర. పోయినవాళ్ళకి నమ్మకం తక్కువై పోలేదు. అప్పుడే జ్యోతి చూసి, కళ్ళ నిండా నీళ్ళతో శరణు పిలిచి వస్తున్నవాళ్ళు వాళ్ళు. ఆ కుటుంబాల ముందు "స్వామే చూసుకుంటాడు" అన్న మాట ఎవరూ అనలేరు. అంత జనంలో ఒక్క గురుస్వామి ఏమీ చేయలేడు, ఏర్పాట్లు ప్రభుత్వమూ, గుడిని నిర్వహించే దేవస్వం బోర్డూ చేయాల్సిందే. కానీ తన బృందంలో పదిహేను మందిని మాత్రం ఆయన కూర్చోబెట్టగలడు. జ్యోతి కనిపించాక కదలొద్దని మా వాళ్ళ నియమం. జనం అంతా వెళ్ళేదాకా, అవసరమైతే తెల్లారేదాకా, ఉన్నచోటే ఉండటం. చలి వేస్తుంది, ఆకలి వేస్తుంది, చిన్నవాళ్ళు విసుక్కుంటారు. అయినా ఆయన లేవనివ్వరు.

వ్యాను సంగతీ అంతే. తణుకు నుంచి పంబకి రోడ్డు మీద వెళ్ళడమంటే చిన్న దూరం కాదు. మధ్యలో కాణిపాకం, తిరుత్తణి, పళని, మధురై అంటూ గుళ్ళన్నీ కలుపుకుంటారు. సెలవు తక్కువ, చూడాల్సినవి ఎక్కువ, అందుకని రాత్రిళ్ళు నడిపిస్తారు. డిసెంబరు, జనవరి నెలల్లో అయ్యప్ప స్వాముల వ్యాను లారీని గుద్దిందన్న వార్త లేని ఏడాది నాకు గుర్తులేదు. తెల్లవారుజామునే జరుగుతాయి చాలావరకు. మా గురుస్వామి డిపోలో బళ్ళ కింద పడుకుని పనిచేసిన మనిషి. అర్ధరాత్రి నుంచి అయిదింటి దాకా చక్రం తిరగకూడదన్నది ఆయన షరతు. ఇద్దరు డ్రైవర్లుండాలి. బయల్దేరే ముందు టైర్లు, బ్రేకులు స్వయంగా చూస్తారు. ఆ తర్వాతే బండి ముందు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించేది. ఒకసారి బ్రేకులు నచ్చక బండి మార్పించారు, బయల్దేరడం సగం రోజు ఆలస్యమైంది. ముహూర్తం దాటిపోతోందని కొందరు గొణిగారు. ఆయన పట్టించుకోలేదు.

మరి ఎలాంటి మనిషి మాట వినాలి? ఈ మధ్య అయిదారుసార్లు వెళ్ళొచ్చినవాళ్ళూ గురుస్వాములైపోతున్నారు. ఇంతమందికి ఇంత అని ప్యాకేజీ మాట్లాడి బస్సు నింపేవాళ్ళున్నారు. పంబలో దింపి, సన్నిధానంలో కలుద్దాం స్వామీ అని ముందుకెళ్ళిపోయేవాళ్ళున్నారు. మొదటిసారి వెళ్ళే కన్నెస్వామి వెనకబడితే చూసే దిక్కుండదు. నేను చూసేది ఒకటే. ఆయన నోట ఎప్పుడైనా "వద్దు" అన్న మాట వచ్చిందా? అడిగినవాళ్ళందరికీ మాల వేసేవాడి దగ్గర నాకు నమ్మకం కుదరదు.

మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. ఏటా వెళ్ళేవారు. గుండెకి స్టెంట్ పడింది. ఆ ఏడు కూడా మాల కోసం పీఠానికి వచ్చారు. డాక్టరు ఇప్పుడే వద్దన్నారని ఆయన చెప్పలేదు, వాళ్ళబ్బాయి ముందే వచ్చి చెప్పి వెళ్ళాడు. గురుస్వామి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడారు. "ఈ ఏడు మీ నెయ్యి నేను తీసుకెళ్తాను మాస్టారూ. అభిషేకం చేయించి, మీ ప్రసాదం మీ ఇంటికి తెచ్చిస్తాను. మీరు ఇక్కడ రోజూ పీఠం దగ్గర దీపం చూసుకోండి." మాస్టారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. మేం వెళ్ళొచ్చేదాకా పీఠం ఆయనే చూసుకున్నారు. పై ఏడు డాక్టరు ఒప్పుకున్నాక, అయ్యప్పన్ రోడ్డు మీదుగా, సగం దారి డోలీలో, దర్శనం చేసుకొచ్చారు. మొదటి ఏడే "స్వామి ఉన్నాడు, రండి" అని ఎవరైనా ఆయన్ని ఉత్సాహపరిచి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు.

"నమ్మకం ఉన్నవాణ్ణి ఆపే హక్కు మనిషికెక్కడిది?" అని ఒక మిత్రుడు నాతో గట్టిగా వాదించాడు. ఆపే హక్కు లేదేమో. కానీ మాల వేసిన చేతికి బాధ్యత ఉంది. కన్నెస్వామి తల్లి పీఠం దగ్గరికి వచ్చి "మా వాణ్ణి జాగ్రత్తగా తీసుకురండి స్వామీ" అని గురుస్వామితోనే చెప్తుంది. ఆమెకి అయ్యప్ప మీద నమ్మకం లేకనా? ఉంది కాబట్టే కొడుకుని పంపుతోంది. అయినా ఆ మాట చెప్పడానికి ఆమెకి ఒక మనిషి ముఖం కావాలి, ఆ మనిషి సరేనమ్మా అనాలి. పంబలో పోలీసులు చిన్నపిల్లల చేతికి పేరు, ఫోన్ నంబరు ఉన్న ట్యాగ్ కడతారు. పిల్లల్ని స్వామి చూసుకోడనా ఆ ట్యాగు?

ఈ ఏడు మాల వేసుకోబోయేవాళ్ళని నేను కోరేది చిన్నదే. మందులు వాడుతుంటే, మాల వేసుకునే రోజు కంటే ముందే మీ డాక్టరుకి నియమాలన్నీ వివరంగా చెప్పండి. ఒంటిపూట భోజనమని, తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానమని, చెప్పుల్లేకుండా కొండెక్కాలని. ఊరికే "గుడికి వెళ్తున్నాను" అంటే ఆయనకి అర్థం కాదు. ఆయన చెప్పినది గురుస్వామికి దాచకుండా చెప్పండి. గురుస్వాములు కూడా బృందంలో ఎవరికి ఏ జబ్బుందో, ఏ మందు వాడుతున్నారో, ఇంటి ఫోన్ నంబరేమిటో ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరి దగ్గర ఉంచండి. ఒకరు తప్పిపోతే రెండోవారి దగ్గర ఉంటుంది. మా బృందంలో ఈసారి ఒక కన్నెస్వామికి ఉబ్బసం ఉంది. అతని ఇన్‌హేలర్ ఒకటి అతని జోలెలో, ఇంకొకటి నా దగ్గర ఉండాలని గురుస్వామి ఇప్పటికే చెప్పారు. నీలిమల మొదలయ్యే దగ్గర నుంచి ఆ అబ్బాయి వెనకే నడవడం నా పని.